అక్త్యుయెల్, అక్తువల్: ఒకే లాటిన్ విశేషణం ఫ్రెంచ్‌లో, ఇండోనేషియన్‌లో – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంతకీ ఏ మాట గురించి ఈ ప్రశ్నలు?

"యాక్చువల్లీ ఏమైందంటే..." అని మనం రోజూ మాట మొదలుపెడుతుంటాం కదా, ఆ యాక్చువల్ గురించే. ఇంగ్లిష్‌లో దానికి "నిజమైన, వాస్తవమైన" అని అర్థం. అదే మాట ఫ్రెంచ్‌లో అక్త్యుయెల్, ఇండోనేషియన్‌లో అక్తువల్. పుట్టుక మూడింటికీ ఒకటే. ఫ్రెంచ్‌లో మాత్రం దాని అర్థం "ఇప్పటి, ప్రస్తుత". ఇండోనేషియన్‌లో ఎక్కువగా "తాజా, అందరి నోళ్లలో నానుతున్న" అని, కొన్ని రంగాల్లో "వాస్తవంగా ఉన్న" అని. ఇంగ్లిష్ ద్వారా ఈ భాషలు నేర్చుకునే తెలుగువాళ్లు పొరపడే మొదటి పది మాటల్లో ఇది తప్పక ఉంటుంది.

కింద ఫ్రెంచ్ మాటల్లో అరసున్న కనిపించిన చోట ముక్కుతో పలకండి. ఇండోనేషియన్‌లో ఆ బాధ లేదు, దాదాపు రాసినట్టే పలుకుతారు.

లాటిన్‌లో దీని మూలం ఏమిటి?

"చేయు, నడుపు" అనే అర్థం ఉన్న అగెరె అనే క్రియ. దాని నుంచి "చేసిన పని" అనే అర్థంలో ఆక్తుస్ వచ్చింది, దానికి విశేషణంగా ఆక్తువాలిస్ వచ్చింది. ఈ విశేషణం సిసెరో లాంటి ప్రాచీన రోమన్ రచయితల కాలపు లాటిన్‌ది కాదు, చాలా తర్వాతి లాటిన్‌ది. మొదట్లో దాని అర్థం "పనికి సంబంధించిన, క్రియాత్మకమైన" అని మాత్రమే. ఇందులో "ఇప్పుడు" లేదు, "నిజం" కూడా లేదు.

దానికి బరువు తెచ్చిపెట్టినవాళ్లు మధ్యయుగపు పండితులు. 12, 13 శతాబ్దాల్లో అరిస్టాటిల్‌ను లాటిన్‌లో చదువుతూ, ఒక వస్తువు శక్తిగా దాగి ఉన్న స్థితిని, అదే వస్తువు కార్యరూపంలో ఉన్న స్థితిని వాళ్లు వేరు చేసి చెప్పాల్సి వచ్చింది. విత్తనంలో చెట్టు దాగి ఉండటం మొదటిది, చెట్టు ఎదురుగా నిలబడి ఉండటం రెండోది. ఈ రెండో దానికి వాళ్లు వాడిన మాట ఆక్తువాలిస్. దాని ఎదుటి మాట పొతెన్షియాలిస్, అంటే మన పొటెన్షియల్. ఇవాళ్టి అర్థాలన్నీ ఈ జంట నుంచే చీలాయి.

ఫ్రెంచ్‌లో మొదట ఏ అర్థంలో వాడారు?

మతంలో. 13వ శతాబ్దంలోనే చర్చి రాతల్లో ఈ మాట కనిపిస్తుంది. కేథలిక్కులు పాపాన్ని రెండుగా విడదీస్తారు: ఆదాము నుంచి అందరికీ సంక్రమించిన జన్మపాపం, మనిషి తన చేతులతో తాను చేసిన పాపం. ఈ రెండోదాన్ని ఫ్రెంచ్‌లో పెషే అక్త్యుయెల్ అంటారు. "ప్రస్తుత పాపం" అని అనువదిస్తే అభాసుపాలవుతాం. "చేసిన పాపం" అనాలి. దేవుడి అనుగ్రహంలో కూడా ఇలాంటి విభజనే ఉంది. మనిషిలో ఎప్పుడూ నిలిచి ఉండే అనుగ్రహం ఒకటి, ఫలానా పని చేసే వేళ అందే అనుగ్రహం ఇంకొకటి. ఈ రెండోది గ్రాస్ అక్త్యుయెల్.

వైద్యంలో ఇంకా ఆసక్తికరమైన వాడుక ఒకటి ఉండేది. పాతకాలపు సర్జన్లు రక్తం ఆపడానికి గాయాన్ని కాల్చేవాళ్లు. ఎర్రగా కాగిన ఇనుముతో కాలిస్తే దాన్ని కోతెర్ అక్త్యుయెల్ అనేవాళ్లు, ఎందుకంటే అక్కడ నిప్పు సాక్షాత్తూ ఉంది. ఘాటైన రసాయనం పూసి కాలిస్తే కోతెర్ పొతాఁసియెల్, ఎందుకంటే మంట ఆ మందులో దాగి ఉంది. అరిస్టాటిల్ తత్వం కాస్తా కాలిన ఇనుపకడ్డీ దాకా వచ్చిందన్నమాట. కాళ్లూ చేతులూ తీసేసినప్పుడు ఇలా కాల్చడానికి బదులు రక్తనాళాలను దారంతో కట్టే పద్ధతికి 16వ శతాబ్దంలో పేరు తెచ్చిన ఫ్రెంచ్ సర్జన్ అంబ్రోయిజ్ పరే తప్పించాలనుకున్నది ఈ ఇనుమునే.

మరి "ఇప్పటి" అనే అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది?

పైన చెప్పిన అర్థంలోనే దాని బీజం ఉంది. కార్యరూపంలో ఉన్నది ఏదైనా ఇప్పుడు ఉన్నట్టే. దాగి ఉన్నది ఇంకా రాలేదు, జరిగిపోయినది ఇక లేదు. కాబట్టి "కార్యరూపంలో ఉన్న" అనేదాన్ని నిత్యవ్యవహారంలో వాడుతూ పోతే అది "ఈ వేళ ఉన్న" వైపు జారుతుంది. 18వ శతాబ్దం నాటికి ఫ్రెంచ్‌లో ఈ అర్థమే పైచేయి సాధించింది, పాతది తత్వశాస్త్రానికి, మతానికి పరిమితమైంది. ఇంగ్లిష్ ఇదే మాటను ఫ్రెంచ్ నుంచి అంతకు ఎంతో ముందే, 14వ శతాబ్దంలోనే తీసుకుంది. అక్కడ "వాస్తవమైన" అనే కొస గట్టిపడింది.

దీన్నిబట్టి ఇంగ్లిష్ అర్థమే అసలైనదని, ఫ్రెంచ్‌వాళ్లు దారి తప్పారని అనుకోవడం సరికాదు. ఇద్దరూ ఒకే భావంలో చెరో సగం తీసుకున్నారు.

ఫ్రెంచ్‌లో లింగ వచనాలు మారితే పలుకు మారుతుందా?

మారదు. రాతలో పుంలింగానికి చివర ఒక ఎల్, స్త్రీలింగానికి రెండు ఎల్‌లు, వాటి మీద ఒక ఇ. బహువచనమైతే ఎస్ కలుస్తుంది. నాలుగు రూపాలు రాస్తారు, నాలుగింటినీ అక్త్యుయెల్ అనే పలుకుతారు. డిక్టేషన్‌లో మార్కులు పోయేది ఇక్కడే.

ఇది నామవాచకానికి ముందు వస్తుందా, తర్వాతా?

ఎక్కువగా తర్వాతే. ప్రస్తుత పరిస్థితి అంటే లా సిత్యుయాసియోఁ అక్త్యుయెల్. పదవుల విషయంలో మాత్రం ముందు కూడా పెడతారు: లక్త్యుయెల్ ప్రెజిదాఁ అంటే ప్రస్తుత అధ్యక్షుడు. పత్రికల్లో ఈ వరస ఎక్కువ. రెండు వరసలకూ అర్థం ఒకటే.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. "అసలు డైరెక్టర్ నేను" అని చెప్పుకోవాలనుకుని ఈ మాట వాడితే, ఫ్రెంచ్‌వాళ్లకు "ప్రస్తుతానికి డైరెక్టర్ నేను" అని వినిపిస్తుంది. కుర్చీకి ఎసరు వచ్చిందేమో అని వాళ్లు అనుకుంటారు.

పాత రచయితను కూడా అక్త్యుయెల్ అంటున్నారు. అదెలా?

ఫ్రెంచ్ నాటకకర్త మోలియేర్ 1673లో పోయాడు. ఆయన చాలా అక్త్యుయెల్ అని ఫ్రెంచ్‌వాళ్లు అంటూనే ఉంటారు. ఆయన రాసింది ఈ కాలానికీ అతుకుతుందని వాళ్ల ఉద్దేశం. ఇది కాలాన్ని కాకుండా ప్రాసంగికతను చెప్పే వాడుక. "నేటికీ వర్తించే" అంటే తెలుగులో సరిపోతుంది.

అక్త్యుయలితే అంటే వార్తలా, వర్తమానమా?

రెండూ. ఏకవచనంలో అది "వర్తమాన విషయాలు, నేటి సంగతులు". బహువచనంలో నేరుగా వార్తలు. టీవీలు ఇళ్లలోకి రాకముందు సినిమా హాళ్లలో అసలు బొమ్మకు ముందు వేసే న్యూస్‌రీళ్లను కూడా ఇలాగే పిలిచేవాళ్లు. పాతే, గోమోఁ అనే రెండు పెద్ద సినిమా సంస్థలు ఈ రీళ్లకు పేరుపొందాయి. అంతకంటే ముందు, సినిమా పుట్టిన కొత్తల్లో, లూమియేర్ సోదరుల కాలంలో, ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి రావడం లాంటి నిజదృశ్యాలను చూపే చిన్న బొమ్మలకూ ఇదే పేరు.

మాటల్లో దీన్ని అక్త్యు అని కుదించేస్తారు. "త్యు సుయి లక్త్యు?" అంటే "వార్తలు ఫాలో అవుతున్నావా?" అని.

ఆఫీసుల్లో తరచుగా వినిపించే ఇంకో వాక్యం "స్ నె ప్లు దక్త్యుయలితే". "ఆ సంగతి ఇప్పుడు లేదు, ఆ ప్లాన్ పక్కన పెట్టేశాం" అని దాని భావం. కొత్తగా ఫ్రాన్స్‌లో ఉద్యోగంలో చేరినవాళ్లు దీన్ని "అది వాస్తవం కాదు" అని అర్థం చేసుకుని, ఎవరో అబద్ధం ఆడారనుకునే అవకాశం ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని ముందే నేర్చుకుని పెట్టుకోవడం మంచిది.

ఫ్రాన్స్‌లో నిరుద్యోగ భృతికి, ఈ మాటకు సంబంధం ఉందట, నిజమేనా?

నిజమే. అక్త్యుయలిజే అనే క్రియకు "ఇప్పటి స్థితికి తేవడం, అప్‌డేట్ చేయడం" అని అర్థం. ఫ్రెంచ్ కంప్యూటర్లో రిఫ్రెష్ బటన్ మీద ఉండేది ఈ మాటే. ఇక ఉద్యోగం పోయినవాళ్లు ప్రభుత్వ ఉపాధి సంస్థలో పేరు రాయించుకుంటారు. పోల్ ఆఁప్లువా అనే ఆ సంస్థ 2024 జనవరి 1 నుంచి ఫ్రాఁస్ త్రవాయ్‌గా మారింది. పేరు రాయించుకున్నవాళ్లు ప్రతి నెలా, నెలాఖరు నుంచి తర్వాతి నెల 15 లోపు, తమ పరిస్థితి చెప్పుకోవాలి: పని దొరికిందా, ఎన్ని గంటలు చేశారు, జబ్బు పడ్డారా, ఇంకా ఉద్యోగం వెతుకుతున్నారా. ఈ తంతు పేరు అక్త్యుయలిజాసియోఁ. మర్చిపోతే జాబితాలోంచి పేరు పోతుంది, డబ్బు ఆగుతుంది. అందుకే ఫ్రాన్స్‌లో ఈ మాట వింటే తత్వశాస్త్రం గుర్తొచ్చేవాళ్లు కొద్దిమందే, టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

ఫైనాన్స్‌లో ఈ మాట ఎలా వాడతారు?

భవిష్యత్తులో వచ్చే డబ్బు విలువ ఇవాళ ఎంత అని లెక్కగట్టడం అక్త్యుయలిజాసియోఁ. ఎంబీఏ చదివినవాళ్లకు తెలిసిన నెట్ ప్రెజెంట్ వేల్యూ ఫ్రెంచ్‌లో వాలర్ అక్త్యుయెల్ నెత్. ఇక్కడ "యాక్చువల్ వేల్యూ" అని అనువదిస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది. అదే "యాక్చువల్ కాస్ట్"ను ఫ్రెంచ్‌లో కూ రెయెల్ అంటారు.

ఇండోనేషియన్‌లో ప్రెజెంట్ వేల్యూను నిలాయ్ కిని అంటారు. కిని అంటే ఇప్పుడు. అక్కడ అక్తువల్ అస్సలు రాదు. బడ్జెట్ వేసిన ఖర్చుకు ఎదురుగా నిజంగా అయిన ఖర్చును చెప్పేటప్పుడు మాత్రం బియాయా అక్తువల్ అంటారు. అంటే ఫ్రెంచ్ అకౌంటెంట్ ఈ మాట వాడే చోట ఇండోనేషియా అకౌంటెంట్ వాడడు, అతను వాడే చోట ఇతను వాడడు.

ఇండోనేషియాకు ఈ మాట ఎలా చేరింది?

డచ్‌వాళ్ల ద్వారా. ఫ్రెంచ్ మాటను డచ్ భాష ఆక్త్యుయేల్ అని తీసుకుంది, "ఇప్పటి, తాజా" అనే అర్థంతో సహా. డచ్ వలస పాలనలో బడులు, కోర్టులు, పత్రికల ద్వారా అది ఇండోనేషియన్‌కు మూలమైన మలయ్ మాట్లాడే చదువరుల నోటికి వచ్చింది. 1945లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక డచ్ పాలకులు వెళ్లిపోయారు, వేలకొద్దీ డచ్ మాటలు మాత్రం ఇండోనేషియన్‌లో ఉండిపోయాయి.

ఫ్రెంచ్‌వాళ్లు వచ్చి నేర్పింది కాదు కాబట్టి ఇండోనేషియన్ అర్థాన్ని నేరుగా ఫ్రెంచ్‌తో పోల్చేటప్పుడు మధ్యలో ఉన్న డచ్‌ను మరవకూడదు.

పాత పుస్తకాల్లో "అక్తుయిల్" అని ఉంటుంది. అది తప్పా?

తప్పు కాదు, పాత రూపం. డచ్ పదాల చివర ఉండే ఏల్ అనే ప్రత్యయాన్ని ఇండోనేషియన్లు మొదట ఇల్ అని పలికి, అలాగే రాసేవాళ్లు. రసియోనిల్, ఫోర్మిల్, స్త్రుక్తురిల్, అక్తుయిల్. 1972 ఆగస్టులో సుహార్తో ప్రభుత్వం కొత్త వర్ణక్రమం తెచ్చింది. ఆ సంస్కరణల్లో భాగంగా వచ్చిన పదనిర్మాణ నియమాల్లో, ఇంగ్లిష్‌లో అల్ రూపం ఉంటే ఇండోనేషియన్‌లోనూ అల్ అనే రాయాలని తేల్చారు. అలా రసియోనల్, ఫోర్మల్, స్త్రుక్తురల్, అక్తువల్ స్థిరపడ్డాయి. కొన్ని పాత రూపాలు మాత్రం చెక్కుచెదరలేదు. నైతిక మద్దతుకు ఇవాళ్టికీ దుకుంగన్ మోరిల్ అనే అంటారు. కోర్టు కాగితాల్లో ఆస్తినష్టం మతెరియిల్.

నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం ఇక్కడే ఉంది. 1967లో బాండుంగ్‌లో అక్తుయిల్ అనే పత్రిక మొదలైంది. రాక్ సంగీతం, పొడుగు జుట్టు, పోస్టర్లు, స్టిక్కర్లతో అది ఇండోనేషియా కుర్రకారును ఊపేసింది. కవి రెమీ సిలాడో అందులోనే పుయిసి మ్బెలింగ్ ఉద్యమాన్ని నడిపాడు. మ్బెలింగ్ అంటే జావా భాషలో కొంటె, అల్లరి. పెద్దమనుషుల గంభీర కవిత్వాన్ని ఎగతాళి చేసే కవితలవి. 1975 డిసెంబరులో డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బృందాన్ని జకార్తాకు రప్పించింది కూడా ఈ పత్రికే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1970 నుంచి, పారిస్‌లో జాఁ ఫ్రాఁస్వా బిజో నడిపిన పత్రిక పేరు అక్త్యుయెల్. అది కూడా రాక్, హిప్పీలు, కామిక్స్, పెద్దల మీద తిరుగుబాటు. ఒకే లాటిన్ విశేషణం రెండు ఖండాల్లో పొడుగు జుట్టు కుర్రాళ్ల పత్రికకు పేరైంది. "ఇప్పటిది" అని చెప్పుకోవడం ఆ తరానికి అంత ముఖ్యం. బాండుంగ్ పత్రిక 1972 తర్వాత కూడా తన పేరులో ఇల్‌ను మార్చుకోలేదు.

ఇవాళ ఇండోనేషియన్‌లో అక్తువల్ ఎక్కడెక్కడ వినిపిస్తుంది?

అన్నిటికంటే ఎక్కువ మీడియాలో. బెరితా అక్తువల్ అంటే తాజా వార్త, ఇసు అక్తువల్ అంటే ఇప్పుడు నలుగుతున్న విషయం. ఎస్‌సీటీవీ ఛానల్ వార్తా కార్యక్రమం లిపుతాన్ 6 నినాదం "అక్తువల్, తాజమ్, దాన్ తెర్‌పెర్చాయా". తాజా, పదునైన, నమ్మదగిన అని దాని అర్థం. అక్కడి తాజమ్‌కు మన తాజాకు చుట్టరికం లేదు, దానికి పదును అనే అర్థం. వార్త అనే మన మాట కూడా అక్కడ వార్తా రూపంలోనే ఉంది, విలేకరిని వార్తావాన్ అంటారు. సంస్కృతం నుంచి వెళ్లిన మాట, లాటిన్ నుంచి వెళ్లిన మాట జకార్తా న్యూస్‌రూమ్‌లో పక్కపక్కన కూర్చుని పనిచేస్తున్నాయి.

రెండో చోటు ఆసుపత్రి. నర్సింగ్‌లో రోగికి ఇప్పటికే ఉన్న సమస్యను దియాగ్నోసిస్ అక్తువల్ అంటారు, రాబోయే ప్రమాదం ఉన్నదాన్ని దియాగ్నోసిస్ రిసికో అంటారు. మన దగ్గర నర్సింగ్ చదివినవాళ్లకు యాక్చువల్, రిస్క్ అనే ఈ జంట పరిచయమే. మధ్యయుగపు పండితులు వేరు చేసిన రెండు స్థితులు ఏ కొంచెమూ చెదరకుండా కేస్ షీటులో ఉన్నాయి.

వ్యాకరణం సంగతి సులువు. విశేషణం నామవాచకం వెనకే వస్తుంది, లింగం లేదు, వచనం లేదు. "అన్నిటికంటే తాజా" అనాలంటే పాలింగ్ అక్తువల్ లేదా తెరక్తువల్.

ప్రస్తుత అధ్యక్షుడిని "ప్రెసిదెన్ అక్తువల్" అనవచ్చా?

అనకూడదు. ప్రెసిదెన్ సాత్ ఇని అనాలి. ఫ్రెంచ్ బాగా వచ్చినవాళ్లు ఇండోనేషియన్ నేర్చుకునేటప్పుడు చేసే తప్పు ఇది. అక్తువల్‌కు వార్తల తాజాదనం ఉంది, మామూలు "ప్రస్తుత" లేదు. మామూలు "ప్రస్తుత"కు సాత్ ఇని, సెకారంగ్, కిని ఉన్నాయి. "సరికొత్త, ఆధునిక"కు అరబ్బీ నుంచి వచ్చిన ముతాఖిర్ ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు కూడా దాని నుంచే పెముతాఖిరాన్ అన్నారు.

అక్తువలిసాసి అంటే అప్‌డేటేనా?

కాదు. ఇండోనేషియన్‌లో అక్తువలిసాసి అంటే ఆచరణలో పెట్టడం. కొత్తగా ప్రభుత్వ ఉద్యోగం వచ్చినవాళ్లకు శిక్షణలో భాగంగా, నేర్చుకున్న విలువలను తమ ఆఫీసులో అమలు చేసి చూపించి రిపోర్టు రాయాలని నిబంధన ఉంది. ఆ రిపోర్టు పేరు లాపోరాన్ అక్తువలిసాసి. ఇండోనేషియా రాజ్య సిద్ధాంతమైన పంచశీల విలువల అక్తువలిసాసి గురించి ఉపన్యాసాలు కూడా కోకొల్లలు. ఇక మనిషి అవసరాలను మెట్లుగా చూపే మనస్తత్వవేత్త మాస్లో పిరమిడ్ కొన మీద ఉండే సెల్ఫ్ యాక్చువలైజేషన్ అక్కడ అక్తువలిసాసి దిరి.

విచిత్రం చూడండి: విశేషణం "తాజా" వైపు వెళ్లింది, దాని నుంచే పుట్టిన నామవాచకం మాత్రం లాటిన్ పండితుల "కార్యరూపం" దగ్గరే ఆగింది. ఫ్రెంచ్ ఉపాధి కార్యాలయంలో నెలనెలా చేసే అక్త్యుయలిజాసియోఁ, జకార్తా ఉద్యోగి రాసే అక్తువలిసాసి చూడటానికి ఒకటే, చేసే పనులు వేరు.

అక్తువలితాస్‌లో ఆ "తాస్" ఏమిటి?

డచ్‌లో తేయ్త్ అని, ఫ్రెంచ్‌లో తే అని ముగిసే మాటలకు ఇండోనేషియన్‌లో తాస్ పెడతారు. ఉనివెర్సితాస్, కువాలితాస్, అక్తువలితాస్. ఇది అచ్చమైన లాటిన్ ప్రత్యయం. లాటిన్ కూతురైన ఫ్రెంచ్ పోగొట్టుకున్నదాన్ని, లాటిన్‌తో ఏ రక్తసంబంధమూ లేని ఇండోనేషియన్ వాడుతోంది.

అయితే మన "యాక్చువల్లీ"ని ఈ రెండు భాషల్లో ఎలా చెప్పాలి?

ఫ్రెంచ్‌లో ఆఁ ఫెత్ అనండి. ఇది మన యాక్చువల్లీ లాగే వాక్యం మొదట్లో ఊతపదంగా కూడా పనికొస్తుంది. కాస్త బరువుగా కావాలంటే ఆఁ రెయాలితే. ఆఁ నెఫె మాత్రం వేరు, అది "అవును, నిజమే" అని ఒప్పుకోవడం. ఓ ఫెత్ ఇంకా వేరు, "అన్నట్టు" అని కొత్త సంగతి ఎత్తుకోవడం. అక్త్యుయెల్మాఁ అంటే "ప్రస్తుతం" మాత్రమే. "యాక్చువల్లీ నేను హైదరాబాద్‌లో ఉంటాను" అని చెప్పబోయి అక్త్యుయెల్మాఁ అంటే, "ప్రస్తుతానికి హైదరాబాద్‌లో ఉంటున్నాను, తర్వాత ఎక్కడో" అని వాళ్లకు అర్థమవుతుంది. వీసా ఇంటర్వ్యూలో ఈ తేడా చిన్నది కాదు.

ఇండోనేషియన్‌లో సెబెనార్న్యా లేదా సెబెతుల్న్యా. రెండూ "నిజం" అనే మాట మీద కట్టినవే.

1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న యానాంలో ఫ్రెంచ్ బడికి వెళ్లిన పాత తరానికి ఈ చిక్కు తక్కువే ఉండి ఉంటుంది. వాళ్లకు ముందు వచ్చింది ఫ్రెంచ్. మనకు ముందు వచ్చింది ఇంగ్లిష్, చిక్కంతా అదే.

యాక్చువరీ ఉద్యోగానికీ దీనికీ చుట్టరికం ఉందా?

ఉంది, అయితే దాయాదుల వరసలో. లాటిన్ ఆక్తువారియుస్ అంటే జరిగిన పనులను రాసిపెట్టే గుమాస్తా, లెక్కలు చూసేవాడు. 1762లో లండన్‌లో మొదలైన ఈక్విటబుల్ జీవితబీమా సంఘం తన ముఖ్య అధికారికి యాక్చువరీ అనే హోదా పెట్టింది. అప్పటినుంచి అది బీమా గణితం తెలిసినవాడి పేరైంది. ఫ్రెంచ్‌లో అక్త్యుయేర్, ఇండోనేషియన్‌లో అక్తువారిస్. ఈ ఒక్క మాటకు మాత్రం లండన్‌లోనైనా, పారిస్‌లోనైనా, జకార్తాలోనైనా అర్థం ఒకటే.